బొగ్గుపులుసు వాయువు – బొగ్గుపొర

పాఠ్యభాగ ఉద్దేశం

విజ్ఞానశాస్త్ర విషయాలను తెలుగులో చదివి అర్థం చేసుకోవడం, తిరిగి తెలుగులో స్పష్టంగా వివరించగలగడం భాషాధ్యయనంలో ఒక భాగం. భూగర్భంలోని బొగ్గుపొరల్లోకి కార్బన్ డై ఆక్సైడ్‌ను అధిక పీడనంతో పంపినప్పుడు ఆ బొగ్గు రూపగుణాలు ఎలా మారుతాయో, ఆ మార్పులు మానవాళికి ఎందుకు ముఖ్యమో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కార్బన్ డై ఆక్సైడ్‌ను మన పెద్దలు బొగ్గుపులుసు వాయువని పిలిచారు. ఆ మాటలోనే దాని స్వభావం ఇమిడి ఉంది. బొగ్గు మండితే పుట్టేది కనుక బొగ్గు అన్నారు. నీటిలో కరిగినప్పుడు ఆ నీటికి పుల్లదనాన్ని ఇస్తుంది కనుక పులుసు అన్నారు. సోడా తాగినప్పుడు నాలుక చురుక్కుమనడానికి కారణం ఈ వాయువే. మనం విడిచే ఊపిరిలో ఉన్నదీ, మొక్కలు ఆహారంగా మలచుకునేదీ ఇదే. వాతావరణంలో తగు పాళ్ళలో ఉన్నంతకాలం ఇది జీవకోటికి మేలు చేస్తుంది. ఆ పాలు పెరిగితే భూమిని వేడెక్కిస్తుంది.

రసాయనశాస్త్రం చెప్పే చిన్న లెక్కను ఒకసారి గుర్తుచేసుకుందాం. 12 గ్రాముల కార్బన్ పూర్తిగా మండితే 44 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది. ఒక టన్ను బొగ్గులో 600 కిలోల కార్బన్ ఉందనుకుంటే, అది మండినప్పుడు గాలిలో కలిసే వాయువు 2,200 కిలోలు. మండిన వస్తువు కంటే పుట్టిన వాయువు బరువు రెట్టింపుకు పైగా ఉండటం వింతగా తోచవచ్చు. గాలిలోని ఆక్సిజన్ వచ్చి చేరడమే అందుకు కారణం. మన దేశంలో 2024–25 సంవత్సరంలో బొగ్గు ఉత్పత్తి వంద కోట్ల టన్నులు దాటింది. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూస్తే సమస్య ఎంత పెద్దదో బోధపడుతుంది.

ఈ వాయువును గాలిలోకి వదలకుండా పట్టి, తిరిగి భూగర్భంలోకి పంపాలనే ఆలోచన అనేక దేశాలలో సాగుతున్నది. అందుకు ఎంచుకున్న చోట్లలో, తవ్వి తీయడానికి వీలుకానంత లోతున ఉన్న బొగ్గుపొరలు ఒకటి. బొగ్గు నుండి పుట్టిన వాయువును బొగ్గుకే అప్పగించడం, ఒక విధంగా దానిని పుట్టింటికి పంపడమే. అయితే వచ్చి చేరిన ఈ వాయువును బొగ్గు నిశ్చలంగా తనలో దాచుకుంటుందా? దాని రాకతో బొగ్గు తానే మారిపోతుందా? శాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దాలుగా శోధిస్తున్న ప్రశ్న ఇది. దీనికి సమాధానం తెలియాలంటే ముందుగా బొగ్గు నిర్మాణాన్నీ, లోతున ఈ వాయువు పొందే విచిత్ర స్థితినీ తెలుసుకోవాలి.

బొగ్గు లోపలి నిర్మాణం

కోట్ల సంవత్సరాల క్రితం చిత్తడి నేలలలో పెరిగిన వృక్షజాలం నీట మునిగి, మట్టి పొరల కింద కప్పబడి, వేడికీ ఒత్తిడికీ లోనై క్రమంగా బొగ్గుగా మారింది. ఈ పరిణామంలో పీట్, లిగ్నైట్, బిట్యుమినస్, ఆంథ్రసైట్ అనే దశలున్నాయి. దశ పెరిగిన కొద్దీ తేమ తగ్గి కార్బన్ పాలు హెచ్చుతుంది. గోదావరి లోయలో లభించే సింగరేణి బొగ్గు గోండ్వానా కాలపు నిక్షేపాలకు చెందినది.

చేతిలోకి తీసుకుంటే బొగ్గు గట్టి రాయిలా కనిపిస్తుంది. సూక్ష్మంగా చూస్తే అది రంధ్రాల పుట్ట. అందులో రెండు రకాల ఖాళీలున్నాయి. మొదటివి బీటలు. ఇవి కంటికి కనిపించేవి, కనిపించనివి కూడా ఉంటాయి. ప్రధాన బీటలు ఒక దిశలోనూ, వాటిని దాదాపు లంబంగా కలిసే అడ్డ బీటలు మరొక దిశలోనూ సాగుతాయి. పొరలో వాయువులూ నీరూ ప్రవహించే దారులు ఇవే. రెండవవి బీటల నడుమనున్న బొగ్గు ముద్దలోని రంధ్రాలు. వీటిలో రెండు నానోమీటర్ల కంటే చిన్నవాటిని సూక్ష్మరంధ్రాలు అంటారు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. ఇంత చిన్న రంధ్రాలు లెక్కకు మిక్కిలిగా ఉండటం వల్ల, ఒక గ్రాము బొగ్గు లోపలి ఉపరితలాన్ని విప్పి పరిస్తే అది వంద చదరపు మీటర్లకు మించి ఉండవచ్చు.

ఈ విశాలమైన ఉపరితలానికి వాయువుల అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. దీనిని అధిశోషణం అంటారు. బొగ్గు ఏర్పడేటప్పుడు పుట్టిన మీథేన్ వాయువు ఈ విధంగానే రంధ్రాల గోడలకు అంటుకుని, పైనున్న నీటి ఒత్తిడి వల్ల అక్కడే నిలిచి ఉంటుంది. గనులలో పేలుళ్ళకు కారణమయ్యే వాయువు ఇదే. జాగ్రత్తగా బయటికి తీస్తే మంచి ఇంధనమూ ఇదే. మన దేశంలో రాణీగంజ్, ఝరియా, సోహాగ్‌పూర్ క్షేత్రాలలో బొగ్గుపొరల నుండి మీథేన్‌ను వెలికితీసే ప్రయత్నాలు జరిగాయి.

బొగ్గుకు మీథేన్ మీద ఉన్న మక్కువ కంటే కార్బన్ డై ఆక్సైడ్ మీద ఉన్న మక్కువ ఎక్కువ. బిట్యుమినస్ బొగ్గు ఒక మీథేన్ అణువును వదిలి, దాని స్థానంలో దాదాపు రెండు కార్బన్ డై ఆక్సైడ్ అణువులను పట్టుకోగలదు. లిగ్నైట్ వంటి లేత బొగ్గులో ఈ నిష్పత్తి ఇంకా ఎక్కువ. పైగా కార్బన్ డై ఆక్సైడ్ అణువు సన్నగా, సూటిగా ఉండటం వల్ల మీథేన్ దూరలేని ఇరుకు రంధ్రాలలోకి సైతం అది చొరబడుతుంది. ఒక వాయువును దాచి, మరొక ఇంధన వాయువును బయటికి రప్పించవచ్చనే ఆశకు ఆధారం ఈ గుణమే.

అతిసందిగ్ధ స్థితి

పదార్థం ఘన, ద్రవ, వాయు స్థితులలో ఉంటుందని చిన్న తరగతులలోనే చదువుకున్నాం. ద్రవానికీ వాయువుకూ మధ్య గల సరిహద్దు ఎల్లప్పుడూ ఉండేది కాదని మొదట గమనించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కాన్యార్ ద లా తూర్. 1822లో ఆయన ఒక ఫిరంగి గొట్టంలో కొంత ద్రవాన్నీ, ఒక చెకుముకి రాతి గుండునూ ఉంచి మూతి బిగించి వేడిచేశాడు. గొట్టాన్ని కదిలించి, గుండు దొర్లే చప్పుడును శ్రద్ధగా విన్నాడు. ఒక ఉష్ణోగ్రత దాటిన తరువాత ద్రవంలో గుండు కదలిన చప్పుడు మారిపోయింది. ద్రవమూ ఆవిరీ వేర్వేరుగా ఉండటం మాని ఒక్కటైపోయాయని ఆయన గ్రహించాడు.

ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరంలో పనిచేసిన థామస్ ఆండ్రూస్ ఈ విషయాన్ని కార్బన్ డై ఆక్సైడ్‌పై ఎంతో శ్రమించి పరిశీలించాడు. 1869లో ఆయన ప్రకటించిన ఫలితాల వల్ల సందిగ్ధ ఉష్ణోగ్రత అనే భావన స్థిరపడింది. కార్బన్ డై ఆక్సైడ్‌కు ఈ ఉష్ణోగ్రత సుమారు 31 డిగ్రీల సెల్సియస్. సందిగ్ధ పీడనం వాతావరణ పీడనానికి సుమారు 73 రెట్లు. ఈ రెండు హద్దులనూ దాటినప్పుడు ఆ పదార్థం అతిసందిగ్ధ స్థితిలో ఉన్నదంటారు. అప్పుడు దానిని ద్రవమనీ అనలేము, వాయువనీ అనలేము. దాని సాంద్రత ద్రవానికి దగ్గరగా ఉంటుంది. స్నిగ్ధత మాత్రం వాయువువలె అత్యల్పం. ద్రవాలకుండే తలతన్యత దానికి లేదు. కనుక ద్రవంలా పదార్థాలను కరిగించుకుంటూనే, వాయువులా అతి సన్నని సందులలోకి దూరిపోతుంది.

ఈ గుణాన్ని పరిశ్రమలు ఇప్పటికే వాడుకుంటున్నాయి. కాఫీ గింజల నుండి కెఫీన్‌ను తొలగించడానికి అతిసందిగ్ధ కార్బన్ డై ఆక్సైడ్‌ను ఉపయోగించవచ్చని 1960ల చివరలో జర్మనీలో కుర్ట్ జోసెల్ అనే శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. ఆయన పనిచేసినది మ్యుల్‌హైమ్ పట్టణంలోని మాక్స్ ప్లాంక్ బొగ్గు పరిశోధన సంస్థలో కావడం గమనింపదగినది. కాఫీ గింజలోని కెఫీన్‌ను లాగగల ద్రావణి బొగ్గులోని పదార్థాలను లాగకుండా ఉంటుందా?

భూమి లోపలికి పోయిన కొద్దీ ఉష్ణోగ్రత, పీడనం రెండూ పెరుగుతాయి. ప్రతి పది మీటర్ల నీటి లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున అదనంగా చేరుతుంది. ప్రతి కిలోమీటరుకు ఉష్ణోగ్రత సాధారణంగా 25 నుండి 30 డిగ్రీల వరకు హెచ్చుతుంది. ఈ లెక్కన సుమారు 800 మీటర్ల లోతు దాటితే కార్బన్ డై ఆక్సైడ్ దానంతట అదే అతిసందిగ్ధ స్థితిని పొందుతుంది. నేలపై ఒక ఘనపు మీటరులో రెండు కిలోలకు తక్కువగా ఉండే వాయువు, ఆ లోతులో అదే చోటులో కొన్ని వందల కిలోలు ఇముడుతుంది. కనుక లోతైన బొగ్గుపొరల్లోకి పంపేది మామూలు వాయువు కాదు, ఈ అతిసందిగ్ధ పదార్థం.

బొగ్గులో కలిగే మార్పులు

అతిసందిగ్ధ కార్బన్ డై ఆక్సైడ్ తగిలినప్పుడు బొగ్గులో కలిగే మార్పులలో మొదటిది ఉబ్బడం. వాయువు అణువులు రంధ్రాల గోడలకు అంటుకోవడమే కాక, బొగ్గు ముద్దలోకి చొరబడి కరుగుతాయి. బొగ్గు ఒకదానితో ఒకటి పెనవేసుకున్న పెద్ద అణువుల వల. ఆ వల మామూలుగా గాజువలె బిగుసుకుని ఉంటుంది. కార్బన్ డై ఆక్సైడ్ లోపలికి చేరి, ఆ అణువుల పరస్పరాకర్షణను సడలించి, బొగ్గును మెత్తబరుస్తుందని అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ లార్సెన్ 2004లో ప్రచురించిన సమీక్షలో వివరించాడు. బిగువు సడలిన అణువులు కొత్త అమరికలోకి సర్దుకుంటాయి. వాయువును తొలగించిన తరువాత బొగ్గు చాలావరకు కుదించుకుంటుంది కాని, అన్ని సందర్భాలలోనూ యథాస్థితికి రాదు.

ఈ ఉబ్బు సాధారణంగా కొద్ది శాతమే. ఇంత స్వల్పమైన దానికి అంత ప్రాముఖ్యం ఎందుకని అనిపించవచ్చు. వర్షాకాలంలో మన ఇంటి తలుపును గమనిస్తే సమాధానం దొరుకుతుంది. చెక్క తేమను పీల్చి ఉబ్బేది ఎంతో కాదు. అయినా ద్వారబంధం కదలదు కనుక సందు మూసుకుపోయి తలుపు బిగుసుకుంటుంది. భూగర్భంలోని బొగ్గుకు నలుదిక్కులా ఉన్న రాళ్ళే ద్వారబంధం. బయటికి పెరగడానికి చోటు లేని బొగ్గు తన బీటలలోకి తానే పెరుగుతుంది. చాలా పొరలలో బీటల మొత్తం ఖాళీ బొగ్గు పరిమాణంలో ఒకటి రెండు శాతానికి మించదు. అందువల్ల కొద్దిపాటి ఉబ్బు సైతం దారులను ఇరుకు చేస్తుంది.

ఇక్కడ మరొక సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. సన్నని బీటలో ప్రవాహం ఆ బీట వెడల్పు ఘనానికి అనులోమంగా ఉంటుంది. వెడల్పు సగమైతే ప్రవాహం సగం కాదు, ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. ద్రవాలను, వాయువులను తన గుండా పోనిచ్చే గుణాన్ని పారగమ్యత అంటారు. కార్బన్ డై ఆక్సైడ్ వల్ల బొగ్గుకు కలిగే నష్టాలలో పారగమ్యత తగ్గడం ప్రధానమైనది. వాయుస్థితిలో కంటే అతిసందిగ్ధ స్థితిలో ఉబ్బు ఎక్కువ కనుక, పారగమ్యతలో తగ్గుదల కూడా ఎక్కువని ప్రయోగాలు తెలియజేస్తున్నాయి. నైట్రోజన్‌కు ఇంతటి ఉబ్బించే గుణం లేదు. దానిని పంపితే కొంత ఉబ్బు తగ్గి, దారులు తిరిగి తెరుచుకుంటాయి.

రెండవ మార్పు రంధ్రాలలో కలుగుతుంది. ఈ విషయంలో ప్రయోగ ఫలితాలు అన్నీ ఒకే విధంగా లేవు. కొన్ని బొగ్గు నమూనాలలో సూక్ష్మరంధ్రాలు తగ్గి పెద్ద రంధ్రాలు పెరిగాయి. మరికొన్నింటిలో సూక్ష్మరంధ్రాలే పెరిగాయి. బొగ్గు దశ, తేమ, పీడనం, వాయువుతో గడిపిన కాలం ఇందుకు కారణాలు. ప్రయోగం చేసిన తీరు కూడా ఒక కారణమే. బొగ్గును పొడిచేసి పరీక్షిస్తే, ఆ రేణువులు అడ్డు లేకుండా ఉబ్బుతాయి. అదే బొగ్గును దిమ్మెగా కోసి, చుట్టూ ఒత్తిడి కలిగించి పరీక్షిస్తే ఖాళీలు మూసుకుంటాయి. భూగర్భంలోని పొర పొడి కాదు, ఒత్తిడిలో ఉన్న దిమ్మె. కనుక ఏ ఫలితాన్ని ఎక్కడ అన్వయించాలో విచక్షణతో నిర్ణయించుకోవాలి.

మూడవది రసాయనిక మార్పు. అతిసందిగ్ధ కార్బన్ డై ఆక్సైడ్ మంచి ద్రావణి కనుక, బొగ్గు వలలో చిక్కుకుని ఉన్న చిన్న హైడ్రోకార్బన్ అణువులను కరిగించి తనతో తీసుకుపోతుంది. అమెరికా భూగర్భ పరిశీలనా సంస్థ శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగాలలో మీథేన్ కంటే బరువైన హైడ్రోకార్బన్లు ఈ విధంగా బయటపడ్డాయి. వాటిలో ఆరోగ్యానికి హాని చేసే రకాలు కూడా ఉన్నాయి. అవి పొరను దాటి భూగర్భజలంలో చేరకుండా చూడవలసిన బాధ్యత అందువల్ల ఏర్పడుతున్నది. పొరలో నీరు ఉన్నట్లయితే బొగ్గుపులుసు వాయువు తన పేరును సార్థకం చేసుకుంటుంది. అది నీటిలో కరిగి కార్బోనిక్ ఆమ్లమవుతుంది. బీటలలో పేరుకున్న కాల్సైట్, డోలమైట్ వంటి ఖనిజాలను ఆ ఆమ్లం కరిగిస్తుంది. ఖనిజం కరిగిన చోట దారి వెడల్పవుతుంది. కరిగినది మరొకచోట పేరుకుంటే అక్కడ దారి మూసుకుంటుంది.

నాలుగవది బలం తగ్గడం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో లాట్రోబ్ లోయకు చెందిన లిగ్నైట్‌పై మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన ప్రయోగాల ఫలితాలు 2006లో వెలువడ్డాయి. వాయుస్థితిలోని కార్బన్ డై ఆక్సైడ్‌తో నింపిన నమూనాలలో, నలిగే బలం సుమారు 13 శాతం, స్థితిస్థాపక గుణకం సుమారు 26 శాతం తగ్గాయి. తరువాతి కాలంలో సిడ్నీ హరివాణపు బిట్యుమినస్ బొగ్గుపై ఇదే విశ్వవిద్యాలయంలో ప్రయోగాలు జరిగాయి. వాయుస్థితి కంటే అతిసందిగ్ధ స్థితిలో బలం మరింతగా తగ్గుతుందని అవి నిరూపించాయి.

వాయువు చేరితే రాయివంటి బొగ్గు బలహీనపడటం ఎందుకు? గాజుపై పరిశోధనలు చేసిన ఎ.ఎ. గ్రిఫిత్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1921లో ప్రకటించిన సిద్ధాంతం ఇందుకు సహాయపడుతుంది. ఒక పగులు పెరగాలంటే కొత్త ఉపరితలం ఏర్పడాలి. అలా ఏర్పడటానికి కొంత శక్తి వెచ్చించాలి. వాయువు అణువులు అంటుకున్న ఉపరితలానికి కావలసిన శక్తి తక్కువ. అందువల్ల అంతకుముందు తట్టుకున్న ఒత్తిడికే ఇప్పుడు పగులు సాగుతుంది. దీనికి తోడు, బొగ్గులోని భిన్న భాగాలు భిన్నంగా ఉబ్బడం వల్ల లోపల కొత్త పగుళ్ళు పుడతాయి. బయటి నుండి చూస్తే మార్పు కనిపించదు. బరువు మోయవలసి వచ్చినప్పుడే ఆ లోపం బయటపడుతుంది.

క్షేత్రాలలో లభించిన అనుభవం

ప్రయోగశాలలో కనిపించినది నేల లోపల కూడా జరుగుతుందా అనే సందేహానికి కొన్ని క్షేత్ర ప్రయోగాలు సమాధానమిచ్చాయి. అమెరికాలో సాన్ హువాన్ హరివాణంలోని అలిసన్ క్షేత్రంలో 1995 నుండి 2001 వరకు నాలుగు బావుల ద్వారా కార్బన్ డై ఆక్సైడ్‌ను బొగ్గుపొరలోకి పంపారు. మీథేన్ ఉత్పత్తి కొంత మెరుగుపడింది. అయితే తొలిదశలోనే బావులు వాయువును స్వీకరించే వేగం బాగా తగ్గిపోయింది. బొగ్గు ఉబ్బి దారులు మూసుకోవడమే కారణమని విశ్లేషణలో తేలింది.

పోలండ్‌లోని ఎగువ సైలీషియా హరివాణంలో కనియూఫ్ అనే చోట రెకోపోల్ పేరుతో ఐరోపాలోని మొదటి క్షేత్ర ప్రయోగం జరిగింది. 2004, 2005 సంవత్సరాలలో సుమారు 760 టన్నుల వాయువును పంపారు. పొర వాయువును తేలికగా స్వీకరించలేదు. చివరకు అధిక పీడనంతో ద్రవాన్ని పంపి, బొగ్గులో కృత్రిమంగా పగుళ్ళు కల్పించిన తరువాతనే నిరంతరాయంగా వాయువును పంపడం సాధ్యమయింది. జపాన్‌లో హొక్కైడో ద్వీపంలోని యూబరి వద్ద 2004 నుండి 2007 వరకు జరిగిన ప్రయోగంలోనూ ఇదే ఇబ్బంది ఎదురయింది. అక్కడ 2006లో నైట్రోజన్‌ను పంపి చూశారు. స్వీకరించే వేగం పెరిగింది. తిరిగి కార్బన్ డై ఆక్సైడ్‌ను పంపగా, ఆ వేగం మళ్ళీ తగ్గింది. మూడు దేశాలలో, మూడు భిన్నమైన పొరలలో బొగ్గు ఒకే పాఠాన్ని నేర్పింది.

పొంచి ఉన్న ప్రమాదం

బలం తగ్గిన బొగ్గు గురించి శాస్త్రజ్ఞులు ఇంతగా ఆలోచించడానికి కారణముంది. వాయువు నిండిన బొగ్గు ఒక్కసారిగా విస్ఫోటించి గనిలోకి చిమ్ముకువచ్చే సంఘటనలు చరిత్రలో ఉన్నాయి. నాటి జర్మనీలో, నేటి పోలండ్‌లో ఉన్న దిగువ సైలీషియా ప్రాంతంలోని హౌస్‌డోర్ఫ్ గనిలో 1930 జూలైలో ఇటువంటి దుర్ఘటన సంభవించింది. బొగ్గుపొరలో సహజంగా ఉన్న కార్బన్ డై ఆక్సైడ్ బొగ్గుతోపాటు విరుచుకుపడి, 151 మంది కార్మికులను బలిగొన్నది. ఈ వాయువు మండదు, వాసన లేదు. గాలి కంటే బరువైనది కనుక పల్లపు చోట్ల నిలిచి, ఊపిరాడకుండా చేస్తుంది.

ప్రకృతి నింపిన వాయువే ఇంత పని చేయగలిగినప్పుడు, మనం స్వయంగా నింపే వాయువు విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. వాయువును దాచిన పొరలో గాని, దానికి సమీపంలో గాని తరువాతి తరాలు గని తవ్వరాదు. అంటే ఒక పొరను నిల్వకోసం ఎంచుకోవడం, దానిలోని బొగ్గును శాశ్వతంగా వదులుకోవడమే. ఏ పొరలో ఎంత వాయువు ఉన్నదో నమోదు చేసి, ఆ వివరాలను రాబోయే తరాలకు భద్రంగా అందించాలి. లేకుంటే కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత అవుతుంది.

మరొక వాస్తవాన్ని కూడా విస్మరించరాదు. ఒక టన్ను బొగ్గు మండితే రెండు టన్నులకు పైగా వాయువు పుడుతుందని పైన లెక్క వేశాం. ఒక టన్ను బొగ్గు అధిశోషణం ద్వారా తనలో ఇముడ్చుకోగలిగేది మాత్రం కొన్ని పదుల కిలోలే. ఒక టన్ను బొగ్గు పొగను దాచాలంటే, తవ్వని బొగ్గు పదుల టన్నులు కావాలి. ఉబ్బు వల్ల దారులు మూసుకుపోతే ఆ కొద్ది సామర్థ్యం కూడా పూర్తిగా వినియోగంలోకి రాదు. కనుక భూగర్భ నిల్వ సమస్యకు కొంత ఉపశమనం కలిగించగలదే కాని, ఇంధనాన్ని పొదుపు చేయవలసిన, సౌరశక్తి వంటి మార్గాలను వెదకవలసిన బాధ్యత నుండి మనలను తప్పించలేదు.

సింగరేణి గనులలో ఇప్పుడు తవ్వుతున్న పొరలు 800 మీటర్ల కంటే పైనే ఉన్నాయి. కార్మికులు పనిచేసే బొగ్గుబావుల పరిసరాలు ఇటువంటి నిల్వకు తగినవి కావు. అంతకంటే లోతున, ఎవరూ తవ్వబోని పొరల గురించి మాత్రమే ఈ ఆలోచన చేయాలి. గోండ్వానా బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. బూడిదగా మిగిలే ఖనిజ భాగం బొగ్గులా ఉబ్బదు, బొగ్గులా వాయువును పట్టుకోదు. కనుక అమెరికా, ఆస్ట్రేలియా బొగ్గులపై వచ్చిన సంఖ్యలను ఉన్నవి ఉన్నట్లుగా మన బొగ్గుకు వర్తింపజేయలేము. ఏ పొరకు ఆ పొరనే పరీక్షించి తెలుసుకోవాలి.

కార్బన్ డై ఆక్సైడ్ చేరికతో బొగ్గు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, కొంత కరుగుతుంది, బలహీనపడుతుంది. వాయువును పట్టి ఉంచే గుణమే దాని దారులను మూసివేస్తుంది. భూమిలో పాతిపెట్టినది కనుమరుగవుతుందే కాని, అక్కడ పని చేయడం మానదు. ఆ పని ఏమిటో ముందుగా తెలుసుకుని అడుగు వేయడమే విజ్ఞానశాస్త్రం మనకు నేర్పే వివేకం.

కఠిన పదాలు – అర్థాలు

అధిశోషణం : ఘనపదార్థపు ఉపరితలానికి వాయువు లేదా ద్రవపు అణువులు అంటుకుని నిలవడం
పారగమ్యత : ద్రవాలను, వాయువులను తన గుండా పోనిచ్చే గుణం
స్నిగ్ధత : ప్రవాహాన్ని నిరోధించే చిక్కదనపు గుణం
తలతన్యత : ద్రవం పైపొరలో ఉండే బిగువు
ద్రావణి : ఇతర పదార్థాలను తనలో కరిగించుకునేది
హరివాణం : చుట్టుపక్కల కంటే పల్లమై, అవక్షేపాలు పేరుకున్న విశాల ప్రాంతం
యథాస్థితి : మునుపటి స్థితి
సార్థకం : అర్థవంతం

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అతిసందిగ్ధ కార్బన్ డై ఆక్సైడ్ వల్ల బొగ్గులో కలిగే నాలుగు మార్పులను వివరించండి.
2. బొగ్గుపొరల్లో కార్బన్ డై ఆక్సైడ్‌ను దాచడంలోని ప్రయోజనాలనూ, ప్రమాదాలనూ చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బొగ్గు ఉబ్బడాన్ని వర్షాకాలపు తలుపుతో ఎందుకు పోల్చారు?
2. సందిగ్ధ స్థితిని గురించి కాన్యార్ ద లా తూర్, ఆండ్రూస్ చేసిన కృషిని తెల్పండి.
3. యూబరి ప్రయోగంలో నైట్రోజన్ పాత్ర ఏమిటి?

III. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కార్బన్ డై ఆక్సైడ్ సందిగ్ధ ఉష్ణోగ్రత ఎంత?
2. సూక్ష్మరంధ్రాలు అని వేటిని అంటారు?
3. హౌస్‌డోర్ఫ్ గని దుర్ఘటన ఏ సంవత్సరంలో జరిగింది?
4. బీట వెడల్పు సగమైతే ప్రవాహం ఎంతకు తగ్గుతుంది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఒక విధంగా దానిని పుట్టింటికి పంపడమే.
2. భూగర్భంలోని పొర పొడి కాదు, ఒత్తిడిలో ఉన్న దిమ్మె.

V. సంధులు
ఉష్ణోగ్రత = ఉష్ణ + ఉగ్రత – గుణసంధి
వాతావరణం = వాత + ఆవరణం – సవర్ణదీర్ఘసంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశసంధి
వాయువని = వాయువు + అని – ఉత్వసంధి

VI. సమాసాలు
బొగ్గుపొర : బొగ్గు యొక్క పొర – షష్ఠీ తత్పురుష సమాసం
సూక్ష్మరంధ్రాలు : సూక్ష్మమైన రంధ్రాలు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
రూపగుణాలు : రూపమును, గుణమును – ద్వంద్వ సమాసం